పొగనే కాల్చే నెగడు

1686 ప్రాంతంలో పారిస్‌లోని సెయింట్ జెర్మెన్ సంతలో ఆంద్రే దలెమ్ అనే ఇంజనీరు ఒక ఇనుప పొయ్యిని జనం ముందు పెట్టాడు. గది మధ్యలో వెలిగించినా దాని నుంచి పొగ రాదన్నాడు. నమ్మని వాళ్ల కోసం పిల్లి మూత్రంలో నానబెట్టిన బొగ్గును కూడా అందులో కాల్చి చూపించారు. ఏ కంపూ రాలేదని చూసినవాళ్లు చెప్పిన సంగతి లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. గాలి పైనుంచి కిందికి లాగేలా ఆ పొయ్యికి గొట్టాలు అమర్చారు. అందువల్ల కొత్తగా వేసిన ఇంధనంలోంచి పుట్టే పొగ అప్పటికే కణకణలాడుతున్న నిప్పుల గుండా వెళ్లాల్సి వచ్చేది. ఆ దారిలో పొగే కాలిపోయేది.

మూడు శతాబ్దాలు దాటాక అదే ఆలోచన డాలస్ శివార్లలోనో, న్యూజెర్సీలోనో తెలుగువాళ్ల ఇళ్ల పెరట్లోకి గుండ్రటి స్టీలు డ్రమ్ము రూపంలో వచ్చింది. స్మోక్‌లెస్ ఫైర్ పిట్ అని అమ్ముతున్నారు. చలికాలం సాయంత్రాలు చుట్టూ కుర్చీలు వేసుకుని కూర్చోవడానికి, జనవరిలో భోగి మంట వేసుకోవడానికి చాలా కుటుంబాలు దాన్ని కొంటున్నాయి. కొన్నవాళ్లలో కొందరు పొగ అసలు రావడం లేదని సంబరపడితే, అదే కంపెనీ సరుకు కొన్న పక్కింటివాళ్లు కళ్లు మండుతున్నాయని వాపోతారు. చాలాసార్లు తేడా డ్రమ్ములో ఉండదు. అందులో వేసిన కట్టెల్లోనూ, వాటిని పేర్చిన తీరులోనూ ఉంటుంది. పొగ ఎలా పుడుతుందో, ఎలా కాలుతుందో తెలిస్తే ఏ డ్రమ్ము కొనాలన్న ప్రశ్న సగం తేలిపోతుంది.

పొగ కాలుతుందని రుజువు చేసుకోవడానికి ఒక మైనపు కొవ్వొత్తి చాలు. వెలుగుతున్న కొవ్వొత్తిని మెల్లగా ఊది ఆర్పితే వత్తి నుంచి తెల్లటి పొగ తీగలా లేస్తుంది. ఆ తీగకు, వత్తికి కాస్త ఎడంగానే, అగ్గిపుల్ల మంట చూపిస్తే మంట పొగ వెంబడి కిందికి దూకి వత్తిని మళ్లీ అంటిస్తుంది. ఆ తెల్లటి పొగ మైనపు ఆవిరి, అంటే కాలకుండా మిగిలిన ఇంధనం. మైఖేల్ ఫారడే లండన్‌లో పిల్లలకు ఇచ్చిన కొవ్వొత్తి ఉపన్యాసాల్లో ఈ ప్రయోగం చేసి చూపించాడు. ఇంట్లో పిల్లలుంటే పెద్దలు దగ్గరుండి చేయించదగ్గ ప్రయోగమిది.

కట్టెలోనూ జరిగేది ఇదే. నిప్పు తగిలిన కట్టెలో మొదట నీరు ఆవిరవుతుంది. సుమారు 200 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ మధ్య కట్టెలోని సెల్యులోజ్, లిగ్నిన్ విరిగిపోవడం మొదలవుతుంది. అప్పుడు కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్, మీథేన్, మిథనాల్, ఎసిటిక్ ఆమ్లం, తారు ఆవిర్లు కలగలిసి బయటికి వస్తాయి. ఎండిన కట్టె బరువులో దాదాపు నాలుగింట మూడు వంతులు ఇలా వాయువుగా మారిపోయేదే. మిగిలే వంతు బొగ్గు. మనకు కనబడే మంట చాలామటుకు ఈ వాయువులు మండటమే. దుంగను పరీక్షగా చూస్తే మంట దాన్ని అంటుకుని ఉండదు, కొద్దిగా పైన గాలిలో ఆడుతుంటుంది.

ఆ వాయువులు పూర్తిగా మండాలంటే మూడు కుదరాలి. సుమారు 600 డిగ్రీలు, ఆపైన వేడి ఉండాలి. చాలినంత ఆక్సిజన్ వాటితో బాగా కలవాలి. కలిసి కాలడానికి కొంత వ్యవధి దొరకాలి. వీటిలో ఏది తగ్గినా తారు ఆవిర్లు చల్లబడి సన్నటి బిందువులవుతాయి. కళ్లు మండించే తెల్లటి, నీలపు పొగ అదే. మసి రేణువులు కూడా కాలకుండా తప్పించుకుంటే పొగ నల్లబడుతుంది. మంటకు పసుపు రంగునిచ్చేదీ మసే. ఆ సూక్ష్మ కణాలు మంట లోపల వేడికి ఎర్రబారి వెలుగుతాయి, మంట అంచుకు చేరేలోగా కాలిపోతాయి. పొగ లేని నెగడు లోపల కూడా మసి పుడుతూనే ఉంటుంది, బయటికి రాకముందే కాలిపోతుందంతే.

మామూలు నెగడులో రాళ్లు గుండ్రంగా పేర్చి మధ్యలో కట్టెలు వేస్తాం. చుట్టూ ఉన్న చల్లగాలి పక్కల నుంచి దూరి మంట అంచుల్ని చల్లారుస్తుంది. మధ్యలో ఆక్సిజన్ చాలదు, అంచుల్లో వేడి చాలదు. రెండు గోడల డ్రమ్ము ఈ రెండు లోపాల్నీ సరిచేస్తుంది. లోపలి గోడకూ బయటి గోడకూ మధ్య ఖాళీ ఉంటుంది. అడుగున ఉన్న రంధ్రాల గుండా గాలి లోపలికొస్తుంది. అందులో కొంత కట్టెల కిందికి చేరి వాటిని మండిస్తుంది. మిగతాది గోడల మధ్య పైకి లేస్తూ కాగి, అంచు కింద వరుసగా ఉన్న చిల్లుల నుంచి జెట్‌లలా లోపలికి దూసుకొస్తుంది. కట్టెల నుంచి లేచిన కాలని వాయువులకు సరిగ్గా అక్కడ వేడి గాలి ఎదురై వాటిని మళ్లీ అంటిస్తుంది. బాగా రాజుకున్న నెగడులో అంచు చుట్టూ ఒక్కో చిల్లు నుంచీ చిన్న మంట నాలుక లోపలికి చాచుకుని కనిపిస్తుంది. ఇంజనీర్లు దీన్ని ద్వితీయ దహనం అంటారు.

ఈ గాలిని నడిపించే ఫ్యానేమీ లేదు. వేడెక్కిన గాలి తేలికై పైకి లేవడం ఒక్కటే దాని బలం. అడుగు ఎత్తు దాటని డ్రమ్ములో ఆ బలం ఎంతో లెక్కేస్తే రెండు మూడు పాస్కల్‌లకు మించదు. మనల్ని చుట్టుకున్న వాతావరణ పీడనం లక్ష పాస్కల్‌లకు పైనే. ఇంత సుతిమెత్తని తోపుడు మీద ఆధారపడ్డ పరికరం కాబట్టే చిన్న అడ్డంకికీ ఆగిపోతుంది. నిన్నటి బూడిద అడుగు చిల్లుల్ని మూసినా, డ్రమ్మును గడ్డిలోనో మట్టిలోనో కూరుకుపోయేలా పెట్టినా ద్వితీయ దహనం సాగదు. గాలి బలంగా వీచే రోజున కూడా అంతే, అంచు దగ్గర పోగైన వేడి చెదిరిపోతుంది.

అందుకే కొనేటప్పుడు నేను ముందు చూడమనేది అడుగు భాగాన్ని. బూడిద కింది పళ్లెంలోకి రాలేలా జాలీ ఉందా, ఆ పళ్లెం ఊడదీయడానికి వస్తుందా, అడుగుకూ నేలకూ మధ్య గాలి ఆడేంత ఎడముందా చూడాలి. తర్వాత పై చిల్లుల్ని చూడాలి. అవి మరీ కిందికి ఉంటే కట్టెలు వేయగానే మూసుకుపోతాయి. కట్టెల కుప్పకూ ఆ చిల్లులకూ మధ్య మంట ఆడటానికి చోటుండాలి. ఒకే గోడకు చిల్లులు పొడిచి స్మోక్‌లెస్ అని పేరుపెట్టినవి కూడా అమ్మకానికి ఉన్నాయి. వాటిలో గాలి ముందుగా వేడెక్కదు కాబట్టి అంత ఫలితమివ్వవు.

లోహం మాటకొస్తే 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు మంచిది. పదిసార్లు మంట వేశాక దాని మీద బంగారు, నీలి రంగులు తేలతాయి. వేడికి ఉపరితలం మీది ఆక్సైడ్ పొర మందమై, దాని మీద పడ్డ వెలుగు అలా విడిపోతుంది. అది పాడవడం కాదు, తోమి పోగొట్టాల్సిన పనీ లేదు. టెక్సాస్‌లో మొదలైన సోలో స్టవ్ తొలుత చేసింది వీపుసంచిలో పట్టే చిన్న వంట పొయ్యి. తర్వాతే అదే సూత్రాన్ని పెరటి సైజుకు పెంచింది. పెన్సిల్వేనియా కంపెనీ బ్రియో చేసేవి బరువైనవి, ఒకచోట స్థిరంగా ఉంచి వాడేవాళ్లకు నప్పుతాయి. పాత వాషింగ్ మెషీన్ డ్రమ్ముతో సొంతంగా చేసుకునేవాళ్లున్నారు, స్టెయిన్‌లెస్‌దైతే తప్పు లేదు. జింకు పూత పూసిన రేకు డ్రమ్ముల్ని మాత్రం ఎంత చవకగా దొరికినా వాడొద్దు. జింకు 420 డిగ్రీలకే కరుగుతుంది, ఇంకా వేడెక్కితే దాని ఆవిర్లు పీల్చినవాళ్లకు చలిజ్వరం తెప్పిస్తాయి.

సైజు విషయంలో చాలామంది పెద్దదానికి మొగ్గుతారు. నలుగురైదుగురు కూర్చునే ఇంటికి 19, 20 అంగుళాల వెడల్పు సరిపోతుంది. 27 అంగుళాలది పెద్ద గుంపుకు బాగుంటుంది గానీ, అది వేడెక్కి పొగ మానాలంటే చాలా కట్టెలు వేయాలి. సగం నింపిన పెద్ద డ్రమ్ము కన్నా సరిగ్గా నింపిన చిన్నది శుభ్రంగా మండుతుంది.

ఇంకో సంగతి అమ్మేవాళ్లు అంతగా చెప్పరు. ఈ డ్రమ్ముల వేడి చాలావరకు నేరుగా పైకి పోతుంది. మామూలు నెగడులో నిప్పుల సెగ పక్కలకు ప్రసరించి కాళ్లను కాస్తుంది, ఇక్కడ ఉక్కు గోడ అడ్డం. ముఖం వెచ్చగా, మోకాళ్లు చల్లగా ఉంటాయి. పైన గొడుగులా నిలిపి వేడిని పక్కలకు మళ్లించే పలకలు విడిగా అమ్ముతారు, గడ్డకట్టే చలి ఉండే ఊళ్లలో అవి దండగ కాదు. పొగను తగ్గించుకోవడానికి కొంత వెచ్చదనాన్ని వదులుకుంటున్నామని తెలిసే కొనాలి.

ఇక కట్టెలు. ఈ వ్యవహారంలో అసలు పని వీటిదే. అప్పుడే కొట్టిన పచ్చి కట్టె బరువులో సగం దాకా నీరే ఉండవచ్చు. ఆ నీరు ఆవిరయ్యేదాకా కట్టె ఉష్ణోగ్రత 100 డిగ్రీల దగ్గరే తచ్చాడుతుంది, పైన పోగవ్వాల్సిన వేడిని ఆవిరి మోసుకుపోతుంది, వాయువులు 600 డిగ్రీల ముఖమే చూడవు. ఎంత ఖరీదైన డ్రమ్మయినా పచ్చి కట్టె ముందు ఓడిపోతుంది. తేమ 20 శాతానికి లోపు ఉండాలని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతుంది. చీల్చిన కట్టెలు పైన కప్పుండి పక్కలు తెరిచి ఉన్న చోట ఆరు నెలల నుంచి ఏడాది ఆరితే ఆ స్థితికి వస్తాయి. ఓక్ లాంటి గట్టి కట్టెకు ఇంకా ఎక్కువే పడుతుంది. తేమ మీటరు చవకగా దొరుకుతుంది. దాని ముళ్లను కట్టె బయటి భాగంలో కాకుండా, అప్పటికప్పుడు చీల్చిన లోపలి ముఖంలో గుచ్చి చూడాలి. మీటరు లేకపోతే రెండు కట్టెల్ని ఒకదానితో ఒకటి కొట్టి చూసినా తెలుస్తుంది. ఎండినవి ఖణేల్‌మంటాయి, పచ్చివి దబ్బుమంటాయి. ఎండిన కట్టె కొసల్లో నెర్రెలు కూడా ఉంటాయి.

ఓక్, మేపుల్, హికరీ లాంటివి నిదానంగా, నిండుగా మండుతాయి. పైన్‌లో జిగురెక్కువ, రాజేయడానికి చితుకులుగా పనికొస్తుంది గానీ దాంతోనే నెగడు నింపితే మసి తప్పదు. ఆంధ్ర, తెలంగాణ ఊళ్లలో ఫామ్‌హౌస్‌లలో, రిసార్టుల్లో ఈ డ్రమ్ములు వాడేవాళ్లకు ఎండిన సరుగుడు, తుమ్మ భేషైనవి. గన్నేరు కొమ్మల్ని ఎన్నడూ వేయకూడదు, దాని పొగ కూడా విషమే. అమెరికాలో ఒక ఊళ్లో కొన్న కట్టెల్ని వందల మైళ్లు కారులో మోసుకుపోవడం కూడా మంచిది కాదు. అక్కడి యాష్ చెట్లను కోట్లకొద్దీ చంపిన ఎమరాల్డ్ యాష్ బోరర్ పురుగు దూర ప్రాంతాలకు పాకిన దారుల్లో వంటచెరకు రవాణా ఒకటి.

పేర్చే పద్ధతిలో చాలామంది అలవాటు తలకిందులు కావాలి. అడుగున చితుకులు అంటించి పైన దుంగలు వేస్తే, కింది మంట వేడికి పై దుంగలు వాయువుల్ని వదులుతాయి, వాటిని అంటించే మంట పైన ఉండదు. కాబట్టి లావు కట్టెలు అడుగున పెట్టి, వాటి మీద సన్నవి, అన్నిటికంటే పైన చితుకులు పేర్చి పైనుంచి అంటించాలి. మంట కిందికి పాకుతున్నకొద్దీ పుట్టే పొగ పై మంటలోంచి దాటక తప్పదు. 1980లలో అమెరికాలో థామస్ రీడ్, విడిగా నార్వేకు చెందిన పాల్ వెండెల్బో ఈ సూత్రం మీదే పేద దేశాల వంటిళ్ల కోసం చిన్న గ్యాసిఫయర్ పొయ్యిలు తయారుచేశారు. మన ఇళ్లలో ఒకప్పుడు వాడిన పొట్టు పొయ్యి కూడా వీటికి దూరపు చుట్టమే. డబ్బాలో రంపపు పొట్టు దట్టించి, మధ్యలో నిలబెట్టిన సీసా తీసేస్తే మిగిలే సొరంగంలోనే పొట్టు వదిలిన వాయువులు గాలితో కలిసి మండేవి. మన పెద్దవాళ్లు ఏ పుస్తకమూ చూడకుండా ఆ పొయ్యిని ఎంత చక్కగా దట్టించేవారో తలచుకుంటే వాళ్ల చేతులకు దండం పెట్టాలనిపిస్తుంది.

మొదటి పది, పదిహేను నిమిషాలు పొగ వస్తుంది. గోడలు కాగేదాకా ఆగాల్సిందే. ఆ తర్వాత కట్టెల్ని పై చిల్లుల వరస దాటకుండా, ఒక్కొక్కటిగా వేస్తుండాలి. ఒకేసారి నాలుగు దుంగలు గుప్పిస్తే లోపలి వేడి పడిపోయి మళ్లీ పొగే.

ఎక్కడ కూర్చున్నా పొగ తన వైపే వస్తుందని ప్రతి ఒక్కరూ అంటారు. అందులో నిజముంది. మంట పైకి లేస్తూ చుట్టూ ఉన్న గాలిని అన్ని వైపుల నుంచీ తన వైపు లాక్కుంటుంది. మనిషి ఒక పక్క అడ్డుగా కూర్చుంటే ఆ వైపు నుంచి వచ్చే గాలి తగ్గి, ఎదుటి వైపు గాలి గెలుస్తుంది, పొగ మనిషి మీదికి వాలుతుంది. వీపుకు గాలి తగిలేలా మంటకు మరీ దగ్గరగా కూర్చున్నా, ఒంటికి ముందు ఏర్పడే సుడి పొగను ముఖం మీదికి లాగుతుంది. రెండడుగులు వెనక్కి జరిగితే ఈ రెండూ తగ్గుతాయి.

పొగ లేకుండా చేయడమనే పనిలో హైదరాబాద్‌కు పాత చరిత్ర ఉంది. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబరేటరీస్‌లో ఎస్.పి. రాజు మట్టితోనే కట్టుకోగల పొగలేని పొయ్యిని రూపొందించారు, 1953లో దాని గురించి పుస్తకం కూడా ప్రచురించారు. హెర్ల్ చుల్లా అని దానికి పేరొచ్చింది. ఒకే మంట మీద వరుసగా గిన్నెలు పెట్టుకునేలా చేసి, పొగను గొట్టం ద్వారా ఇంటి బయటికి పంపే పొయ్యి అది. ఆడవాళ్ల కళ్లనూ ఊపిరితిత్తులనూ కాపాడాలన్న తపనతో చేసిన గొప్ప పని. కానీ పొగ కాలలేదు, చోటు మారింది. ఇంటింటికీ గొట్టాలొస్తే వీధి నిండా పొగే. 1980లలో దేశమంతటా మొదలైన మెరుగైన పొయ్యిల కార్యక్రమంలోనూ గొట్టం పొయ్యిలే ఎక్కువ. వంటింటి పొగ, ఇతర ఇంటి కాలుష్యం వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది అకాలంగా చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పొగ ఎంత ప్రాణాంతకమో ఈ లెక్క చెబుతుంది.

అలాగని పొగ కనబడని నెగడు గాలిని కలుషితం చేయదని కాదు. కంటికి ఆనని పీఎం 2.5 కణాలు కొన్ని తప్పించుకుంటూనే ఉంటాయి. ఉబ్బసం ఉన్నవాళ్లు, చంటిపిల్లలు గాలి వాలుకు కూర్చోకూడదు. అన్నిటికంటే ముఖ్యం, మంట తగ్గి ఎర్రటి నిప్పులే మిగిలినప్పుడు పొగ ఇసుమంతైనా ఉండదు, కార్బన్ మోనాక్సైడ్ మాత్రం ధారాళంగా వస్తుంది. దానికి రంగూ వాసనా లేవు. చలికి తాళలేక కుంపటి లోపల పెట్టుకుని తలుపులు మూసుకుని నిద్రపోయిన కుటుంబాల వార్తలు ప్రతి చలికాలం చదువుతున్నాం. పొగ రావట్లేదు కదా అని ఈ డ్రమ్మును గ్యారేజీలోకి, గుడారంలోకి, అద్దాల వరండాలోకి తెచ్చుకోవద్దు.

భోగి నాడు జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. జనవరి తెల్లవారుజామున నేల దగ్గరి గాలి చల్లగా, దాని పైన వెచ్చటి పొర మూతలా ఉంటుంది. పొగ పైకి పోలేక ఇళ్ల ఎత్తులోనే నిలిచిపోతుంది. పాత చాపలు, తట్టలు కాల్చిన కాలంలో అవన్నీ గడ్డి, వెదురు. ఇప్పుడు ఇంట్లోంచి బయటపడే పాత సామానులో రంగులు, జిగురు చెక్కలు, ప్లాస్టిక్ ఉంటాయి. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్లు వస్తాయి, ద్వితీయ దహనం వాటిని మాయం చేయదు. అమెరికాలో 2004కు ముందు కట్టిన చాలా పెరటి కంచెలు, డెక్‌ల చెక్కలో చెద పట్టకుండా ఆర్సెనిక్ ఎక్కించేవారు, ఊడిన ఆ చెక్కల్ని నెగడులో వేస్తే ఆర్సెనిక్ పొగలోకీ బూడిదలోకీ చేరుతుంది. భోగి పిడకల దండను డ్రమ్ము బాగా కాగి, అంచున మంట నాలుకలు కనబడ్డాకే వేయాలి. పిడక నిదానంగా రగులుతుంది, చల్లటి నెగడులో వేస్తే పొగ తప్ప మంట రాదు.

అమెరికాలో చాలా ఊళ్లు అనుసరించే అంతర్జాతీయ ఫైర్ కోడ్ ఆరుబయటి నెగడు భవనాలకు 25 అడుగుల దూరంలో ఉండాలంటుంది, కదిలించగల ఫైర్ పిట్‌లకు 15 అడుగులు. విడి ఇళ్లకు కొంత సడలింపు ఉంది, ఊరి నియమాలు, కాలనీ సంఘం నియమాలు వేరే ఉండవచ్చు. శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో గాలిలో సూక్ష్మ కణాలు పెరిగి స్పేర్ ది ఎయిర్ హెచ్చరిక ఇచ్చిన రోజున ఆరుబయటైనా కట్టెలు కాల్చకూడదు, టెక్సాస్‌లో కరువు రోజుల్లో కౌంటీలు మంటల మీద నిషేధం పెడతాయి. చెక్క డెక్ మీద పెట్టాల్సి వస్తే కింద స్టాండు తప్పనిసరి, డ్రమ్ము అడుగు వేడికి చెక్క మాడిపోతుంది. చుట్టూ గట్టు కట్టడానికి వాగు రాళ్లు వాడొద్దు, లోపలి తేమ ఆవిరై అవి పేలగలవు.

ముగించేటప్పుడు నీళ్లు కుమ్మరిస్తే కాగిన స్టీలు వంకరపోతుంది, ఆవిరి చేతుల్ని కాలుస్తుంది. లేవడానికి గంట ముందే కట్టెలు వేయడం ఆపి, నిప్పుల్ని వాటంతట అవే కాలిపోనిస్తే చివర్లో వచ్చే పొగా ఉండదు, ఆర్పే పనీ ఉండదు. మొక్కజొన్న కంకులు కాల్చుకోవడానికి కూడా ఆ నిప్పులే మంచివి, మంట మీద పెడితే మసి పట్టుకుంటుంది. పైకి చల్లారినట్టున్న బూడిదలో నిప్పు రోజుల తరబడి దాగి ఉండవచ్చు కాబట్టి దాన్ని ప్లాస్టిక్ చెత్తడబ్బాలో వేయకుండా మూతున్న ఇనుప డబ్బాలో ఇంటికి దూరంగా ఉంచాలి. పూర్తిగా చల్లారాక శుభ్రమైన కట్టె బూడిదను ఆమ్ల నేలలున్న జార్జియా, న్యూజెర్సీ పెరళ్లలో మొక్కల మొదట్లో పలచగా చల్లుకోవచ్చు, పొటాషియం, కాల్షియం అందుతాయి. ఉత్తర టెక్సాస్ నల్లరేగడి అసలే క్షార నేల, అక్కడ చల్లితే మొక్కలు పాలిపోతాయి.